చీరల సైట్‌కి రోజూ వందల దొంగ లాగిన్‌లు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది మంగళగిరి. చేనేత చీరల వ్యాపారం. నాలుగేళ్ళ కిందట మా అక్క కొడుకు సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో, షాపు నడిపే వూకామర్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ (ప్లగిన్) పెట్టి మాకు సైట్ చేసిచ్చాడు. వాడికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. ఇప్పుడు సైట్ నేనే చూసుకుంటున్నాను. నెల రోజులుగా సెక్యూరిటీ ప్లగిన్ నుంచి రోజూ వందల మెయిల్స్. ఎవరో 'అడ్మిన్' పేరుతో లాగిన్‌కి ప్రయత్నించారు, బ్లాక్ చేశాం అని. ఒకసారి బ్రెజిల్, ఒకసారి వియత్నాం, ఒకసారి మన దేశమే. హోస్టింగ్ వాళ్ళేమో సీపీయూ లిమిట్ దాటిపోతోంది, పెద్ద ప్లాన్‌కి మారండి అంటున్నారు. పోటీ షాపు వాళ్ళే చేయిస్తున్నారని మావారి అనుమానం. ఇండియా తప్ప మిగతా దేశాలన్నీ బ్లాక్ చేసేయమని తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు. ఒక కంపెనీ సెక్యూరిటీ ప్యాకేజీకి ఏడాదికి 40 వేలు అడుగుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సైట్‌కి ఎవరెవరు వచ్చారో రాసిపెట్టే లాగ్‌లోంచి కొన్ని లైన్లు పంపుతున్నాను. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీవారి అనుమానం సంగతి చూద్దాం. మీరు పంపిన లైన్లు చదివాను. లాగిన్ పేజీ ఒక్కటే కాదు, మీ సైట్‌లో లేనే లేని, డేటాబేస్ నడిపే పిహెచ్‌పి-మైఅడ్మిన్‌నీ, పాస్‌వర్డ్‌లు దాచే డాట్-ఈఎన్‌వీ ఫైల్‌నీ, మీరు ఎన్నడూ వాడని ప్లగిన్‌ల ఫోల్డర్‌లనీ కూడా అడిగి వెళ్ళారు. మీ సైట్ మీద కన్నేసిన మనిషైతే అందులో లేనివాటి కోసం వెతకడు. ఇది ఒక ప్రోగ్రామ్ చేస్తున్న పని, దాన్నే బాట్ అంటారు. వీధిలో ప్రతి ఇంటి గేటూ ఒకసారి తోసి చూసి, తెరుచుకోకపోతే పక్కింటికి పోయే దొంగ లాంటిది. ఆ ఇంట్లో ఎవరుంటారో దానికి తెలీదు, అక్కర్లేదు కూడా. కాబట్టి పోటీ షాపు వాళ్ళని వదిలేయండి.

మరి ఇంత చిన్న సైట్ ఎలా దొరికింది అంటారా? సైట్ అడ్రస్ https తో భద్రంగా తెరుచుకోవడానికి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ తీసుకుంటాం కదా, అలా ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ వివరం బహిరంగ రికార్డుల్లోకి ఎక్కుతుంది. నకిలీ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి పెట్టిన మంచి ఏర్పాటు అది. కానీ బాట్‌లు కూడా ఆ రికార్డుల్ని చూస్తూ కూర్చుంటాయి. కొత్త సైట్ తెరిచిన కాసేపటికే, ఇంకా చుట్టాలకు కూడా లింక్ పంపకముందే, లాగిన్ పేజీ మీదకి బాట్‌లు రావడం మామూలే.

వాటికి మీ చీరల డిజైన్లతో పని లేదు. మీ సర్వర్‌తోనే పని. లోపలికి రాగలిగితే మీ సైట్‌లో మీకు కనపడకుండా మందుల ప్రకటనల పేజీలు, జపనీస్ భాషలో నకిలీ సరుకుల పేజీలు పెడతారు. మీ అడ్రస్ మీద ఏదో బ్యాంకు పేరుతో మోసపు పేజీ నడుపుతారు. మీ మెయిల్ నుంచి స్పామ్ పంపుతారు. ఆన్‌లైన్ షాపు కాబట్టి, చెల్లింపు పేజీలో నాలుగు లైన్ల కోడ్ దూర్చి కస్టమర్ కార్డు వివరాలు కాజేసే ప్రమాదం కూడా ఉంది. చివరికి గూగుల్ మీ సైట్‌కి ఎర్ర హెచ్చరిక తగిలిస్తే కొనేవాళ్ళు లోపలికే రారు.

ఇక ఈ నెల రోజుల్లో వాళ్ళలో ఎవరైనా నిజంగా లోపలికి వచ్చారా? 'బ్లాక్ చేశాం' అనే మెయిల్స్ ఈ సంగతి చెప్పవు. హోస్టింగ్ ప్యానెల్‌లో రా యాక్సెస్ లాగ్ అని ఉంటుంది, దాన్ని డౌన్‌లోడ్ చేయండి. డబ్ల్యూపీ-లాగిన్ అనే పేజీకి వెళ్ళిన లైన్లలో 'పోస్ట్' అన్న మాట ఉన్నవి మాత్రమే చూడండి. వాటి పక్కన ఒక అంకె ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో లాగిన్ తప్పితే అదే పేజీ మళ్ళీ చూపిస్తుంది, అప్పుడు ఆ అంకె సాధారణంగా 200. సరైన పాస్‌వర్డ్ కొడితే లోపలి పేజీకి పంపిస్తుంది, అప్పుడు 302. అంటే వేల 200ల మధ్య 302 ఉన్న లైన్లు ఏరి, ఆ తేదీ, ఆ వేళ మీరే లాగిన్ అయ్యారో లేదో సరిచూసుకోవాలి. పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కినా 302 వస్తుంది కాబట్టి చూడగానే కంగారు పడకండి. లాగ్‌లో టైమ్ మన టైమ్ కాకపోవచ్చు, ప్లస్ గుర్తు పక్కన 0530 అని లేకపోతే లెక్క కట్టుకోండి. కొన్ని హోస్టింగ్‌లు పాత లాగ్‌లు కొద్దిరోజులకే చెరిపేస్తాయి, అందుకే ఈ పని ఇవాళే చేయండి.

దాంతోపాటు యూజర్స్ పేజీలో మీకు తెలియని అడ్మినిస్ట్రేటర్ ఉన్నారేమో చూడండి. ఫోటోలు దాచే అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పిహెచ్‌పి ఫైళ్ళు (సర్వర్ మీద నడిచే కోడ్ ఉండేవి) ఉన్నాయేమో చూడండి. అక్కడ ఖాళీ ఇండెక్స్ ఫైల్ ఉంటే ఫరవాలేదు, వింత పేర్లతో పెద్ద ఫైళ్ళుంటే అనుమానించాలి. గూగుల్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్ పేరు మీద మీకు తెలియని పేజీలు కనిపిస్తున్నాయేమో కూడా చూడండి. మూడూ శుభ్రంగా ఉంటే ఇవాళ్టికి నిద్రపోవచ్చు.

ఇప్పుడు తాళాల సంగతి. 2013 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా వర్డ్‌ప్రెస్ సైట్ల మీద పెద్ద దాడి జరిగింది. 90 వేలకు పైగా ఐపీ అడ్రస్‌ల (నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఉండే నంబర్ల) నుంచి 'అడ్మిన్' అనే పేరు మీద పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూశారు. రోజుకి 86,400 సెకన్లు. సెకనుకొక కొత్త అడ్రస్ నుంచి ఒక్కో ప్రయత్నం చేసినా, రోజు మొత్తంలో ఏ అడ్రసూ రెండోసారి రానక్కర్లేదు. ఐదుసార్లు తప్పు కొడితే బ్లాక్ చేసే మీ ప్లగిన్ అలాంటి దాడిని ఎక్కడ పట్టుకుంటుంది? ఆ ప్లగిన్ ఉండటం మంచిదే, తీసేయమనను. కానీ రోజూ మీకొచ్చే వందల మెయిల్స్ దానికి దొరికిన వాళ్ళ లెక్క మాత్రమే.

కాబట్టి అసలు బలం పాస్‌వర్డ్‌లో ఉండాలి. మీ పాస్‌వర్డ్ ఏమిటో నాకు తెలీదు, చెప్పొద్దు కూడా. షాపు పేరు, ఎట్ గుర్తు, ఒక సంవత్సరం – ఈ పద్ధతిలో ఉంటే మాత్రం ఇప్పుడే మార్చండి. సైట్ పేరులోంచే పాస్‌వర్డ్‌లు తయారు చేసి ప్రయత్నించడం బాట్‌లకు మామూలు విద్య. పెద్దక్షరం, అంకె, గుర్తు ఉన్నాయి కదా అని ధైర్యం పడొద్దు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి, అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఆ జాబితా, ఆ తర్వాత లీకైన ఇంకెన్నో జాబితాలు నేటికీ బాట్‌ల చేతిలో ఉన్నాయి. మనుషులు పాస్‌వర్డ్ ఎలా ఆలోచిస్తారో వాటికి మనకన్నా బాగా తెలుసు.

ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలు నాలుగైదు కలిపి పెట్టుకోండి. మీ మనసులోంచి తీయొద్దు. ఇంట్లో నిఘంటువు ఉంటే కళ్ళు మూసుకుని పేజీ తెరిచి, వేలు పడిన మాట తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. సామెత, పాట పల్లవి, పద్యపాదం పనికిరావు, అవి అందరికీ తెలిసినవి. దాదాపు 7,776 మాటల జాబితాలోంచి పాచికలు వేసి నాలుగు మాటలు ఎంచుకునే పద్ధతి ఒకటి ఉంది. సెకనుకు వెయ్యి చొప్పున ఆ కలయికలన్నీ ప్రయత్నించాలంటే లక్ష ఏళ్ళు దాటుతుంది. మీ హోస్టింగ్ సెకనుకు వెయ్యి లాగిన్‌లు తట్టుకోలేదనుకోండి, అది వేరే సంగతి. గుర్తుండదని భయమైతే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని అందరూ అంటారు, ఆఫీసులో కంప్యూటర్‌కి అంటించేవాళ్ళ విషయంలో అది నిజం. వియత్నాంలో నడిచే బాట్ మీ బీరువా తెరవలేదు. ప్రతి మూడు నెలలకీ మార్చాలనే పాత నియమం కూడా మర్చిపోండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ సలహా మానేసింది. బలవంతంగా మార్పిస్తే మనుషులు చివరి అంకె ఒక్కటే మారుస్తున్నారని తేలింది.

ఈ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు. ఇంకో సైట్ నుంచి మీ మెయిల్, పాస్‌వర్డ్ కలిసి లీకైతే, బాట్ ఇక ఊహించే పనే లేదు, ఒకే ఒక్క ప్రయత్నంలో వచ్చేస్తుంది. 'హావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్‌లో మీ మెయిల్ కొట్టి చూస్తే ఏయే లీకుల్లో అది ఉందో చెబుతుంది. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013 నుంచి నడుపుతున్న ఉచిత సేవ అది.

దీనిమీద రెండో తాళం వేయండి. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపించే ఆరంకెల కోడ్ కూడా అడిగేలా చేసే ఉచిత ప్లగిన్‌లు ఉన్నాయి. మీరిప్పటికే వాడుతున్న సెక్యూరిటీ ప్లగిన్‌లోనే ఆ సదుపాయం ఉందేమో ముందు చూడండి. కోడ్ 30 సెకన్లకొకసారి మారుతుంది, ఫోన్‌లో నెట్ లేకపోయినా వస్తుంది. పెట్టేటప్పుడు కొన్ని బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, అవీ బీరువాలోకే. ఫోన్ పోయిన రోజున అవే దిక్కు. ఇది ఒక్కటి చేస్తే, పాస్‌వర్డ్ లీకైనా బాట్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నేను చెప్పే వాటిలో ఒక్కటే చేయగలిగే ఓపిక ఉంటే ఇదే చేయండి.

ఒక సంగతి చాలామంది మర్చిపోతారు. వూకామర్స్ ఉన్న సైట్‌లో లాగిన్‌కి రెండు గుమ్మాలుంటాయి. ఒకటి మామూలు వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ, రెండోది కస్టమర్ల కోసం పెట్టిన 'మై అకౌంట్' పేజీ. అడ్మిన్ పాస్‌వర్డ్ రెండో గుమ్మంలో కొట్టినా లోపలికి పంపిస్తుంది. లాగిన్ పేజీ అడ్రస్ మార్చేసి హాయిగా కూర్చున్నవాళ్ళ సైట్లలో ఈ రెండోది తెరిచే ఉంటుంది. రెండో తాళం పెట్టాక ఈ పేజీ నుంచి కూడా లాగిన్ అయి, కోడ్ అడుగుతోందో లేదో చూడండి. అసలు మీ కస్టమర్లకి అకౌంట్లు అవసరమా? చీర కొనేవాళ్ళు ఎక్కువమంది అకౌంట్ లేకుండానే కొనుక్కుని పోతారు. సెట్టింగ్స్‌లో గెస్ట్ చెకవుట్ ఉంచి, అకౌంట్ తెరిచే సదుపాయం తీసేస్తే నకిలీ రిజిస్ట్రేషన్ల బెడద కూడా పోతుంది.

'అడ్మిన్' అనే పేరు మార్చండి, కొంత గోల తగ్గుతుంది. కానీ కొత్త పేరు రహస్యమని మాత్రం అనుకోకండి. మామూలు సెట్టింగ్స్‌తో వర్డ్‌ప్రెస్ దాన్ని రకరకాలుగా తనే బయటపెడుతుంది.

ఇప్పుడు కాస్త ఇబ్బందైన విషయం: మీ అక్క కొడుకు. అబ్బాయి మంచివాడే, సందేహం లేదు. కానీ సైట్‌లో అడ్మిన్ అకౌంట్, హోస్టింగ్ లాగిన్, డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) కొన్న చోట లాగిన్, వీటికి కట్టిన మెయిల్ – ఇవన్నీ ఇప్పటికీ ఎవరి పేరు మీద ఉన్నాయి? చిన్న వ్యాపారాల్లో చాలాసార్లు నాలుగూ చేసిచ్చిన వాళ్ళ పేరు మీదే ఉండిపోతాయి. ఆ కుర్రవాడు కాలేజీ రోజుల్లో పెట్టుకున్న పాస్‌వర్డ్ ఎక్కడో లీకైతే మీ షాపు పోతుంది. ఫోన్ చేసి, ఒక ఆదివారం కూర్చుని అన్నీ మీ పేరు మీదకి మార్పించుకోండి. డొమైన్ రెన్యువల్ నోటీసులు ఎవరి మెయిల్‌కి వెళ్తున్నాయో కూడా అడగండి. ఇక మీ జీమెయిల్‌కి కూడా రెండో తాళం తప్పనిసరి. ఎందుకంటే 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే వచ్చే లింక్ అక్కడికే వస్తుంది. సైట్‌కి ఎంత గట్టి తాళం వేసినా, మెయిల్ దొరికినవాడికి అది లెక్కే కాదు.

అబ్బాయిని ఇంకో ప్రశ్న అడగండి: థీమ్ (సైట్ రూపం), ప్లగిన్‌లు ఎక్కడ తెచ్చాడు? డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఉచితంగా ఇచ్చే సైట్ల నుంచి తెచ్చి పెట్టడం మన దగ్గర బాగా అలవాటు. నల్డ్ అంటారు వాటిని. వాటిలో చాలావాటికి దొంగ ద్వారం ముందే తెరిచి ఉంటుంది, అప్‌డేట్లు రావు. అలాంటిది ఉంటే మొహమాటం లేకుండా తీసేసి, వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలోని ఉచిత థీమ్ పెట్టుకోండి. నిజం చెప్పాలంటే వర్డ్‌ప్రెస్ సైట్లలో దొంగలు పడేది పాస్‌వర్డ్ ఊహించి కన్నా పాత ప్లగిన్‌లలోని లోపాల ద్వారానే ఎక్కువ. వాడని ప్లగిన్ డియాక్టివేట్ చేస్తే చాలదు, డిలీట్ చేయాలి. మిగిలినవాటికి ఆటో అప్‌డేట్ పెట్టండి.

హోస్టింగ్ వాళ్ళ మాటకొస్తే, పెద్ద ప్లాన్‌కి ఇప్పుడే మారకండి. బాట్‌ల కోసం మీరు డబ్బు కట్టడం ఏమిటి? సీపీయూ ఎందుకు ఖర్చవుతుందో చెబుతాను. చీర ఫోటో పేజీని ముందే తయారుచేసి కాష్‌లో ఉంచుకుని చప్పున ఇచ్చేయొచ్చు. లాగిన్ ప్రయత్నానికి అలా కుదరదు. ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ మొత్తం లేవాలి, డేటాబేస్ తెరవాలి, పాస్‌వర్డ్ సరిచూడాలి. ఆ సరిచూసే లెక్కని దొంగలకి కష్టం కలిగించడానికి కావాలనే నెమ్మదిగా ఉండేలా చేశారు. మీ ప్లగిన్ ఒకణ్ణి బ్లాక్ చేయాలన్నా, ముందు వర్డ్‌ప్రెస్ లేచి ఆ ప్లగిన్‌ని నడపాలి. అందుకే గట్టి పాస్‌వర్డ్ పెట్టినా, ఎన్ని బ్లాక్‌లు చేసినా సీపీయూ భారం పెద్దగా తగ్గదు. అది తగ్గాలంటే బాట్‌ని వర్డ్‌ప్రెస్ దాకా రానివ్వకూడదు.

దీనికి రెండు దారులు. సులువైనది, లాగిన్ ఫైల్ ముందు సర్వర్ స్థాయిలోనే ఇంకో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగించడం. హోస్టింగ్ సపోర్ట్ వాళ్ళని 'డబ్ల్యూపీ-లాగిన్ ఫైల్ ఒక్కదానికి హెచ్‌టీయాక్సెస్‌లో బేసిక్ ఆథ్ పెట్టండి' అని అడిగితే చాలామంది చేసిపెడతారు. ఆ ఒక్క ఫైల్‌కే అని నొక్కి చెప్పండి. డబ్ల్యూపీ-అడ్మిన్ ఫోల్డర్ మొత్తానికి పెడితే అందులోని అడ్మిన్-అజాక్స్ ఫైల్ కూడా మూతపడుతుంది, చాలా ప్లగిన్‌లు కస్టమర్ పేజీల్లో కూడా దాన్నే వాడతాయి. ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే పాత ఫైల్‌ని కూడా మూసేయమనండి. ఫోన్ యాప్‌ల లాంటివి బయటి నుంచి మాట్లాడటానికి పెట్టిన దారి అది, అక్కడ కూడా పాస్‌వర్డ్‌లు కొట్టి చూడొచ్చు. జెట్‌ప్యాక్ ప్లగిన్ వాడుతుంటే మాత్రం మూయకండి, దానికి ఆ దారి కావాలి.

రెండో దారి క్లౌడ్‌ఫ్లేర్, సైట్ ముందు కాపలా ఉండే సేవ. దీని ఉచిత ప్లాన్ మీ షాపుకి సరిపోతుంది. డొమైన్ నేమ్‌సర్వర్లు (సైట్ పేరు కొడితే ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేవి) మారిస్తే, మీ సైట్‌కి వచ్చే ప్రతిదీ ముందు వాళ్ళ సర్వర్ల మీదుగా వస్తుంది. లాగిన్ పేజీకి వచ్చే వాళ్ళకి ఛాలెంజ్ (మనిషేనా అని చూసే పరీక్ష) పెట్టమని అక్కడ ఒక రూల్ రాసుకోవచ్చు. మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. డొమైన్ మీద మెయిల్ ఉంటే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే దాని ఎంఎక్స్ రికార్డులు సరిగ్గా కాపీ అయ్యాయో చూసుకోండి, లేకపోతే మెయిల్స్ ఆగిపోతాయి. రెండోది ఇంకా ముఖ్యం. క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉన్న సర్వర్‌కి, సరిగ్గా సెట్ చేయకపోతే, వచ్చేవాళ్ళందరూ క్లౌడ్‌ఫ్లేర్ అడ్రస్‌లతోనే కనిపిస్తారు. అప్పుడు మీ ప్లగిన్ ఒక బాట్‌ని బ్లాక్ చేశాననుకుని ఆ అడ్రస్ మీదుగా వచ్చే కస్టమర్లందరినీ బయటే నిలబెడుతుంది. ప్లగిన్ సెట్టింగ్స్‌లో అసలు ఐపీని క్లౌడ్‌ఫ్లేర్ పంపే హెడర్ (ప్రతి రాకతో పాటు వచ్చే సమాచారం) నుంచి తీసుకోమని చెప్పే చోటు ఉంటుంది, అక్కడ మార్చండి.

ఇక 'ఇండియా తప్ప అన్నీ బ్లాక్' సలహా. దయచేసి సైట్ మొత్తానికి ఆ పని చేయొద్దు. గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా అడ్రస్‌ల నుంచే వస్తుంది. దాన్ని ఆపితే మంగళగిరి చీరల కోసం వెతికేవాళ్ళకి మీరు క్రమంగా కనపడటం మానేస్తారు. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి ఊళ్ళో అమ్మకి పండక్కి చీర పంపిద్దామనుకునే అమ్మాయికి మీ షాపు మూసేసినట్టు కనిపిస్తుంది. పైగా మీరే రాశారు, కొన్ని ప్రయత్నాలు మన దేశం నుంచే వస్తున్నాయని. బాట్‌లు నడిచేది ఎక్కువగా ఎవరివో వైరస్ సోకిన కంప్యూటర్లు, రూటర్ల మీద. వాటికి దేశంతో పని లేదు. లాగిన్ పేజీ ఒక్కదానికి మాత్రం దేశం రూల్ పెట్టుకోవచ్చు. లాగిన్ అయ్యేది మీరొక్కరే, మీరుండేది ఇక్కడే.

ఐపీ బ్లాక్‌లని కూడా ఏళ్ళ తరబడి ఉంచకండి. మన మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రస్‌ని ఎంతోమంది కస్టమర్లు పంచుకుంటారు. ఒక్క ఫోన్‌లో చెడ్డ యాప్ ఉందని ఆ అడ్రస్‌ని శాశ్వతంగా మూసేస్తే, దాని వెనకున్న గుంటూరు, విజయవాడ కస్టమర్లు ఎందుకు సైట్ తెరుచుకోవట్లేదో తెలియక ఇంకో షాపుకి పోతారు. మీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. పావుగంట, అరగంట బ్లాక్ చాలు.

బాట్‌లన్నీ శత్రువులు కావు, అదో చిక్కు. మీరు చీర లింక్ వాట్సాప్‌లో పెట్టగానే చిన్న ఫోటో వస్తుంది కదా, అది కూడా ఒక ప్రోగ్రామ్ మీ పేజీని చదివి తెచ్చిందే. సైట్ అంతటా కఠినమైన ఛాలెంజ్ పెడితే ఆ ఫోటో రావడం ఆగిపోతుంది. అంతకన్నా ముఖ్యం, పేమెంట్ గేట్‌వే. కస్టమర్ డబ్బు కట్టాక 'డబ్బు అందింది' అని గేట్‌వే సర్వర్ మీ సైట్‌కి కబురు పంపుతుంది. అదీ యంత్రమే, 'నేను మనిషిని' అని టిక్ పెట్టలేదు. దాన్ని ఆపితే డబ్బు కట్ అవుతుంది, ఆర్డర్ మాత్రం పెండింగ్‌లో ఉంటుంది, కస్టమర్ మీకు ఫోన్ చేసి అరుస్తుంది. ఏ కొత్త రూల్ పెట్టినా వెంటనే మీరే ఒక చిన్న ఆర్డర్ పెట్టి చూసుకోండి.

షాపులకి ప్రత్యేకంగా వచ్చే బాట్ ఒకటుంది. దొంగిలించిన కార్డు నంబర్లలో ఏవి పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి చిన్న చిన్న ఆర్డర్లు పెడుతుంది. మీ దగ్గర అన్నిటికన్నా చవకైన సరుకు, బ్లౌజు పీసో ఏదో, దానికే వరసగా పదుల కొద్దీ ఫెయిల్ అయిన ఆర్డర్లు కనిపిస్తే ఇదేనని గుర్తు. మన దేశపు కార్డులకి ఆన్‌లైన్‌లో అదనపు ధృవీకరణ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2009లోనే తప్పనిసరి చేసింది కాబట్టి ఓటీపీ దగ్గర ఆగిపోతాయి. ఎన్నారైల కోసం విదేశీ కార్డులు తీసుకుంటుంటే మాత్రం ఓటీపీ లేకుండానే చెల్లింపు జరిగిపోవచ్చు. అలాంటి సమయంలో గేట్‌వే వాళ్ళకి చెప్పి విదేశీ కార్డులు కొన్నాళ్ళు ఆపి, చెకవుట్ దగ్గర టర్న్‌స్టైల్ లాంటి మెత్తటి పరీక్ష పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ 2022లో తెచ్చిన ఉచిత సాధనం అది, ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరమని అడగదు. ఆ బొమ్మల పరీక్షలంటే నాకు పరమ చిరాకు. మీ కస్టమర్లలో యాభై దాటినవాళ్ళు ఫోన్‌లో ఆ బొమ్మలు ఏరలేక చీర వదిలేసి పోతారు. డబ్బులిస్తే వాటిని దాటించే సేవలేమో దొంగలకి దొరుకుతూనే ఉన్నాయి.

కాంటాక్ట్ ఫారమ్ స్పామ్‌కి, మనుషులకి కనపడని ఒక ఖాళీ గడి పెట్టే ఆప్షన్ చాలా ఫారమ్ ప్లగిన్‌లలో ఉంది. బాట్ అన్ని గడులూ నింపుతుంది, అలా దొరికిపోతుంది. తెలుగు అక్షరాలు లేని సందేశాలన్నీ ఆపేద్దామని కొందరు చూస్తారు, అది మనకి పనికిరాదు. మనవాళ్ళలో సగంమంది 'చీర ఖరీదు ఎంత అండి' అని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు.

బాట్‌లు ఏ పేజీలకి రావద్దో రాసే రోబోట్స్ ఫైల్ గురించి ఒక్క మాట. 1994 నుంచి ఉన్న మర్యాద పద్ధతి అది. మర్యాద ఉన్న బాట్‌లే పాటిస్తాయి. అయినా మీలాంటి షాపుకి ఒక ఉపయోగం ఉంది. 'కార్ట్‌లో వేయి' లింకులు, రంగు, ధర వారీగా వడగట్టే లింకులు పట్టుకుని క్రాలర్లు (పేజీలు చదువుతూ తిరిగే బాట్‌లు) అంతులేకుండా తిరుగుతుంటాయి. ఆ లింకుల్లోకి రావద్దని అందులో రాస్తే గూగుల్, ఓపెన్‌ఏఐ వాళ్ళ జీపీటీబాట్ లాంటివి వింటాయి, సర్వర్ భారం కొంత దిగుతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసుకోండి. హోస్టింగ్ వాళ్ళ దగ్గర ఉంది కదా అని ఊరుకోవద్దు, మీ గూగుల్ డ్రైవ్‌లోకి వారానికొకసారి కాపీ వెళ్ళేలా పెట్టండి. ఒకసారైనా దాన్నుంచి సైట్ తిరిగి నిలబెట్టి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో చెప్పలేం.

ఒకవేళ నిజంగానే లోపలికి వచ్చారని తేలితే, విఫలమైన లాగిన్‌ల విషయంలోలా ఊరుకోకూడదు. సైట్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టి, పాస్‌వర్డ్‌లన్నీ, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లోని సీక్రెట్ కీలు మార్చండి, అప్పుడు లోపలున్నవాళ్ళు లాగవుట్ అయిపోతారు. గేట్‌వే వాళ్ళకి చెప్పండి. ఎవరి డబ్బైనా పోయిందంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. చొరబాటు తెలిసిన 6 గంటల్లోపు తమకు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో చెప్పింది.

ఇక ఆ 40 వేల ప్యాకేజీ. పైన చెప్పినవాటిలో ఎక్కువభాగం ఉచితంగా అయ్యే పనులు. వాళ్ళని మూడు అడగండి. నెలనెలా అప్‌డేట్లు మీరే చేసి, చేశాక ఆర్డర్ పెట్టి చూస్తారా? బ్యాకప్ ఎక్కడ ఉంటుంది, తిరిగి పెట్టి చూపిస్తారా? సైట్ పాడైతే శుభ్రం చేయడం ఈ డబ్బులోనే ఉందా, వేరే బిల్లా? మూడింటికీ రాతపూర్వకంగా అవునంటే ఆలోచించవచ్చు, ధర మాత్రం బేరమాడండి. 'రోజుకి ఇన్ని వేల దాడులు ఆపాం' అని రంగుల రిపోర్ట్ పంపడమే సేవ అయితే, ఆ రిపోర్ట్ మీకు ఇప్పుడే ఉచితంగా వస్తోంది. ఎవరికి పని అప్పగించినా మీ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపకండి. వాళ్ళ పేరున వేరే అడ్మిన్ అకౌంట్ తెరిచి, పనైపోయాక తీసేయండి.

నిద్ర సంగతి ఇవాళే తేల్చుకోవచ్చు. ప్లగిన్ సెట్టింగ్స్‌లో అలర్ట్స్ అని ఉంటుంది. అందులో 'ఐపీ బ్లాక్ అయినప్పుడు' అన్న మెయిల్ తీసేయండి. 'కొత్త చోటు నుంచి అడ్మిన్ లాగిన్ అయినప్పుడు', 'కొత్త అడ్మిన్ చేరినప్పుడు' అన్నవాటికి మాత్రం టిక్ ఉంచండి. ఆ రెండింటిలో ఏదైనా మెయిల్ వస్తే మాత్రం, అర్ధరాత్రయినా లేచి చూడండి.